దొంగల భయం

మా నాయన తుపాకి కొన్నాడంటే మా చుట్టాల్లో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. మీద బల్లి పడితే ముందు ఆ బల్లికేమైనా దెబ్బ తగిలిందా అని వెతికి, తరవాత తలస్నానానికి వెళ్ళే మనిషి ఆయన. రేవు దగ్గర ఒక ఓడల కంపెనీలో హెడ్ గుమాస్తా. అన్నేళ్ళ సర్వీసులో ఎవరినైనా గట్టిగా ఒక్క మాట అన్నట్టు మేం వినలేదు. అదే ఆయన మీద మా అమ్మ ఫిర్యాదు కూడా. అలాంటి మనిషి, మద్రాసులో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడాది, రాయపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు.

"అమ్మీ, నీ ఇంగ్లీషు దస్తూరీ బాగుంటాది గదా. ఈ అప్లికేషను రాసిపెట్టు."

అది తుపాకి లైసెన్సుకి దరఖాస్తు.

ఎందుకో నాకు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. మా అక్క మొగుణ్ణి వదిలి పుట్టింటికి వచ్చేసి అప్పటికి మూడు నెలలైంది.

మా బావది అంబత్తూరు. అప్పట్లో అంబత్తూరంటే ఫ్యాక్టరీలు కావు, తోటలూ బావులూ. ఆయనకి అక్కడ ఇటుకల బట్టీ ఉండేది. చూడ్డానికి చక్కగా ఉంటాడు. పెద్దవాళ్ళు ఎదురైతే చెప్పులు విడిచి నిలబడతాడు. పెళ్ళిలో మా అమ్మలక్కలందరూ మెటికలు విరిచిన అల్లుడు. ఆ చక్కని మనిషి తలుపులు వేశాక ఏం చేసేవాడో అక్క మాకు ఏడాదిన్నర చెప్పలేదు. ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చింది. ఎడమ మణికట్టు పాత చీర ముక్కతో కట్టి ఉంది. రెండు కాళ్ళకీ వేరే వేరే చెప్పులు. ఒకటి తనది, ఒకటి వాళ్ళ పనిమనిషిది. నాయన ఆ చెప్పుల వంక చూసి, ఏమీ అడక్కుండా వంగి వాటిని తీసి ఒక పక్కన పెట్టాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

తరవాత పది రోజులకి బావ వచ్చాడు. పట్టపగలు, మా వీధి నడిమధ్యన నిలబడి అరిచాడు. "నా పెండ్లాన్ని పంపించకపోతే నేనే ఈడ్చుకపోయి నరికి బాయిలో పడేస్తా! ఎవురు అడ్డమొస్తారో చూస్తా!" అటూ ఇటూ ఎనిమిది ఇళ్ళ అరుగుల మీదకి జనం వచ్చారు. అక్క వంటింట్లో బియ్యం డబ్బా వెనక కూర్చుంది. ఆయన అరిచి అరిచి జట్కా ఎక్కి వెళ్ళిపోయాక, ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి "ఎవురమ్మా అది?" అని అడిగింది.

మా అమ్మ తడుముకోలేదు. "ఎవుడో తాగుబోతు. ఇల్లు తప్పి వచ్చినాడు."

"ఆమా ఆమా, తాగుబోతులు జాస్తి అయిపోయినారు" అందావిడ.

ఊళ్ళో మద్యనిషేధం. కల్లు చుక్క దొరకని కాలం. అందులో పట్టపగలు తాగుబోతట! పెళ్ళిలో ఆ మనిషికి పాయసం వడ్డించిన చేతులే ఆవిడవి. కానీ అమ్మ తాగుబోతంది, ఆవిడ అవునంది, అరుగుల మీద వాళ్ళందరూ తలలూపి లోపలికి వెళ్ళారు. పరువు కాపాడ్డమంటే మా వీధిలో అదే. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం నాకూ ఊపిరి పీల్చుకున్నట్టే అనిపించింది, అబద్ధమెందుకు?

ఆ తరవాతే నాయనకి తుపాకి ఆలోచన వచ్చింది.

దరఖాస్తు రాయడానికి కూర్చున్నాను. పేరు, వయసు, ఉద్యోగం రాశాను. తుపాకి ఎందుకు కావాలి అన్నచోట ఆత్మరక్షణకని రాయమన్నాడు. రాశాను. కింద ఇంకో గీత ఉంది.

"ఎవరి వల్ల ప్రమాదమో చెప్పమంటున్నాడు నాయనా."

నాయన నశ్యం పట్టు వేళ్ళ మధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. లోపల అక్క చేటలో బియ్యం ఏరుతోంది. ఆ చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తోంది.

"దొంగలని రాయి."

"దొంగలా?"

"దొంగలే. రాయి అమ్మీ."

చేట చప్పుడు ఆగింది. నేను కలం ముంచి, ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రని అక్షరాలతో రాశాను. దొంగల భయం వల్ల. రాసి ఒకసారి దూరంగా పట్టుకుని చూసుకున్నాను కూడా. దస్తూరీ ముచ్చటగా ఉందని. పద్దెనిమిదేళ్ళు నాకు. ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

విచారణకి ఒక కానిస్టేబులు వచ్చాడు. ఇంట్లో ఇంతకు ముందు దొంగతనం ఏమైనా జరిగిందా అని అడిగాడు. రేవు పక్క వీధి, వచ్చేపోయేవాళ్ళు రకరకాలుగా ఉంటారని నాయన చెప్పాడు. కానిస్టేబులు కాఫీ తాగాడు. గ్లాసు అక్క చేతికే ఇచ్చి, ఇంకా విప్పని ఆ చేతి కట్టు చూసి, "ఏమైందమ్మా?" అన్నాడు. "జారి పడ్డా" అంది అక్క. కొన్ని వారాలకి లైసెన్సు వచ్చింది.

తుపాకుల షాపు మౌంట్ రోడ్డులో ఉండేది. నాయన నన్ను వెంట తీసుకెళ్ళాడు, ఇంగ్లీషు కాగితాలు చదివి పెడతానని. షాపాయన ముసలాయన, తెల్ల కోటు, చెవిలో వెంట్రుకలు. మా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"ఎందుకు సార్, వేటకా?"

"దొంగలకి" అన్నాడు నాయన.

"అదా! దొంగకి కావాల్సింది మీ సొత్తు సార్, మీ ప్రాణం గాదు. ఈడ చూడండి, ఈ జంట గొట్టాల తుపాకి పెట్టుకోండి. ఒకటి పైకి పేల్చినారంటే చాలు, ఆ సద్దుకే లగెత్తుతాడు. మిమ్మల్నే కావాలని వచ్చేవాడైతే వేరే మాట."

"వేరే మాటంటే?"

"వాడు సద్దుకి పోడు సార్."

నాయన కాసేపు అద్దాల బీరువా వంక చూశాడు. "ఆ రెండో రకం మనిషికి పనికొచ్చేది చూపించండి" అన్నాడు.

షాపాయన నాయన మొహంలోకి ఒకసారి చూసి ఊరుకున్నాడు. అడక్కూడదని ఆయనకీ తెలుసు కాబోలు. లోపల్నుంచి మూడు తెచ్చి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టాడు. ఒకటి అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోలు. చూస్తే ఆడపిల్లల పౌడరు డబ్బాలా ముద్దుగా ఉంది. ఇంకొకటి మిలిటరీ వాళ్ళది, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు. మూడోది ఆరు గుళ్ళ రివాల్వరు, మధ్యరకం.

చిన్నదాన్ని నాయన ఇష్టపడ్డాడు, బయటికి కనపడదని. కానీ దాని పైభాగాన్ని వెనక్కి లాగితే తప్ప మొదటి గుండు లోపలికి వెళ్ళదు. నాయన లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. జీవితమంతా కలం తప్ప ఏమీ పట్టని వేళ్ళు. షాపాయన మెల్లిగా దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"భయంలో ఉండే మనిషికి ఇది పనికిరాదు సార్. ఆ గాబరాలో లాగేది మరిచిపోతారు. ఈ రివాల్వరైతే ఏమీ జ్ఞాపకం పెట్టుకునే పని లేదు. మీట నొక్కితే పేలతాది. ఒక గుండు పేలకపోయిందా, మళ్ళా నొక్కండి. తరవాతిది వచ్చి నిలబడతాది."

"ఏమీ జ్ఞాపకం పెట్టుకునే పని లేదు" అని నాయన తనలో తాను అనుకున్నాడు. ఆ మాటకే దాన్ని కొన్నాడని నా అనుమానం.

ఇంటికి తెస్తే అమ్మ గడప దగ్గరే ఆపింది. "ఈ శని ఇంట్లోకి రావాల్నా?" అంది. అక్క అమ్మ వెనక నిలబడి ఆ పెట్టె వంకే చూస్తోంది. ఏమనుకుందో అమ్మ, పసుపు తెచ్చి పెట్టె మూతకి రాసి లోపలికి రానిచ్చింది. రివాల్వరు ఇనప బీరువాలో నా ఓణీల కింద. గుళ్ళు నాయన ఖాళీ నశ్యం డబ్బాలో, దేవుడి గదిలో గూట్లో. రెండూ ఒకచోట పెట్టకూడదని నాయన నియమం. ప్రమాదం తలుపు తోసుకుని వస్తే బీరువా తాళం తీసి, దేవుడి గదికి వెళ్ళి, డబ్బా మూత విప్పి, ఆరు గుళ్ళూ ఒక్కొక్కటీ పెట్టుకునేదాకా అది వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతుందన్నమాట! నేనీ మాట అంటే అక్క నవ్వింది. పుట్టింటికి వచ్చాక అక్క నవ్వడం అదే మొదలు. ఆ రోజు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

నేర్పడానికి ఒక రిటైరైన సుబేదారు దొరికాడు. చిత్తూరు వైపు మనిషి, పల్లావరంలో ఉండేవాడు. అక్కడ రాళ్ళు కొట్టి వదిలేసిన ఒక గుంతలో, అనుమతి తీసుకుని, నలుగురైదుగురికి తుపాకి నేర్పేవాడు. ఆదివారం పొద్దున్నే బీచ్ స్టేషనులో ఎలక్ట్రిక్ రైలెక్కి నాయనా నేనూ వెళ్ళేవాళ్ళం. అడిగినవాళ్ళకి పల్లావరంలో చుట్టాలున్నారని అమ్మ చెప్పేది.

సుబేదారు మొదటి వారం గుళ్ళే ముట్టనివ్వలేదు. ఖాళీ రివాల్వరు పట్టుకుని నిలబడమన్నాడు, అంతే. ఖాళీగా ఉన్నా నిండుగా ఉందనే అనుకోవాలి. కాల్చాలనుకునేదాకా వేలు మీట మీదకి పోకూడదు. కాల్చదలుచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. ఇవన్నీ నాయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆఖరున సుబేదారు ఒకటి చెప్పాడు, అది మాత్రం రాసుకోలేదు.

"ఎవుర్ని కాల్చాల్నో ఇంట్లోనే తేల్చుకోని రావాల. ఎదురుగా వచ్చి నిలబడినాక తేల్చుకునేది గాదు, సార్. వాని మొగం మనసులో పెట్టుకోండి. పెట్టుకోని కాల్చండి."

గోనెసంచి మీద బొగ్గుతో మనిషి ఆకారం గీసి, తల ఉండాల్సిన చోట పాత కుండ బోర్లించేవాడు. నాయన ఆరు గుళ్ళూ కాల్చేవాడు. ఆరూ కిందకే పోయేవి. సంచి అడుగున, మనిషి పాదాలు ఉండాల్సిన చోట మట్టి లేచేది. మీట గట్టిగా గుంజుతున్నారు, పేలకముందే బెదురుతున్నారు, అందుకే గొట్టం దిగిపోతోందని సుబేదారు చెప్పేవాడు. అది నిజమే అయ్యుంటుంది. నాకు మాత్రం అక్క పెళ్ళి కళ్ళ ముందు మెదిలేది. నాయన పీట ముందు కూర్చుని, వెండి పళ్ళెంలో బావ పాదాలు పెట్టించి, పాలతో, నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు తన నెత్తిన చల్లుకున్నాడు. సాక్షాత్తు విష్ణువని పురోహితుడు చెబుతుంటే కళ్ళు మూసుకున్నాడు. అలా మొక్కిన మనిషి మొహాన్ని మనసులో పెట్టుకుని కాల్చమంటే ఆయన వల్ల ఎక్కడవుతుంది?

మూడో ఆదివారం సుబేదారు విసిగి, "పాపా, నువ్వు పట్టు చూస్తాం" అన్నాడు. లైసెన్సున్న మనిషి పక్కనే ఉన్నాడు కదా అని. నేను బావ మొహం మనసులో పెట్టుకున్నాను. నాకేం కష్టం కాలేదు. రెండో గుండుకే కుండ పగిలింది. అబ్బ, ఆ పెంకులు ఎగరడం చూస్తే ఎంత హాయిగా అనిపించిందో! రైల్లో ఇంటికొస్తూ నాయన నా చేతి వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటి వారం అక్క తానూ వస్తానంది. చెయ్యి అప్పటికి కుదిరింది. సుబేదారు దానికి రివాల్వరు ఇచ్చి, ఎలా పట్టుకోవాలో చూపించాడు. అక్క చక్కగానే పట్టుకుంది. సంచి వైపు చూసింది. కాల్చలేదు. తల తిప్పి సుబేదారుని అడిగింది.

"అన్నా, దీంతో కాలిస్తే ఆయన పడిపోతాడా? లేకపోతే ఇంకా కోపం వస్తాదా?"

సుబేదారు ఆ చేతిలోంచి రివాల్వరు మెల్లిగా తీసుకుని, గుళ్ళన్నీ బయటికి తీసేశాడు. దొంగని ఎవరూ 'ఆయన' అనరు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు 'ఆయన' అనేది ఒక్క మనిషినే. సుబేదారుకీ ఇద్దరు కూతుళ్ళున్నారని తరవాత తెలిసింది.

నాయన్ని రాళ్ళ పక్కకి తీసుకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, ఎవరూ వద్దనలేదు.

"సార్, మీరు నాతో దొంగలన్నారు."

నాయన కాలితో రాతిముక్కలు పక్కకి నెట్టాడు.

"అప్లికేషనులో కూడా అదే రాసినారా?"

నాయన తలూపాడు.

"తప్పు చేసినారు సార్. ఇది తుపాకితో తీరే పని గాదు. రేపే కమిషనరాఫీసుకి పోండి. పోయి ఉండేది ఉండేట్టు రాసియ్యండి. అల్లుడు ఏమన్నాడు, ఏ తేదీన అన్నాడు, ఎవురెవురు విన్నారు అని. ఆ కాగితం ఆడ ఉంటే వాడు చెయ్యి ఎత్తేముందు ఒక తూరి ఆలోచిస్తాడు. ఈ ఇనప ముక్క మీ బీరువాలో ఉండాదని వానికేం తెలుసు?"

"మా ఇంటి సంగతి మీకెందుకండీ" అన్నాడు నాయన. ఆయన ఒకరి మీద కసురుకోవడం నేను చూసింది అదొక్కసారే. అదీ మాకు మేలు కోరినవాడి మీద.

మళ్ళీ పల్లావరం వెళ్ళలేదు. ఆ రోజు రైల్లో నేను ఊరుకోలేదు. సుబేదారు చెప్పింది నిజం కదా, ఆ ఒక్క గీత మార్చి రాయడానికేం, నేనే రాస్తానని పోరాను. పెట్టె నిండా జనం ఉన్నారని గొంతు తగ్గించి నాయన అన్నాడు: "కాయితం మీదకెక్కితే అది మాయదు అమ్మీ. రేపు నీ సంబంధానికి వచ్చేవాళ్ళు అడగరా? అక్క మొగుణ్ణి పోలీసులకి పట్టించిన ఇల్లంటారు." ఎదురు సీటులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. విన్నదని నాకు తెలుసు. అప్పటికి నోరు మూసుకున్నాను.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ నాడు ఎవరి పనిముట్లు వాళ్ళు దేవుడి ముందు పెట్టాలి. నాయన కలాలు, ఆఫీసు రూళ్ళకర్ర, అమ్మ కత్తిపీట, కుట్టుమిషను, నా కాలేజీ పుస్తకాలు. ఆ ఏడు రివాల్వరు కూడా పెట్టారు. అమ్మే పెట్టింది, శని అన్న మనిషే. గొట్టానికి గంధం, కుంకుమ, మీద చామంతి పువ్వు. గూట్లో నశ్యం డబ్బాకి కూడా బొట్టు పెట్టింది. మరునాడు పొద్దున పునఃపూజ చేసి హారతి ఇచ్చేదాకా వాటిని ఎవరూ కదిలించకూడదు. చిన్నప్పుడు పుస్తకాలు ముట్టక్కర్లేదని ఎంత సంబరపడేవాళ్ళమో అక్కా నేనూ.

ఆ మరునాడు, విజయదశమి పొద్దున, నాయన స్నానం చేసి పూజకి కూర్చోబోతుండగా వాకిట్లో కారు ఆగింది. బావ దిగాడు. వెనక ఆయన తల్లీ తండ్రీ. పళ్ళెంలో పట్టుచీర, పళ్ళు, పూలు, పసుపు కుంకుమ. బావ గడప బయటే చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. ఎనిమిది ఇళ్ళ అరుగుల మీదా జనం. ఎదురింటావిడ మొహం వెలిగిపోతోంది. "అల్లుడొచ్చినాడే!" అంది. తాగుబోతనలేదు.

నేను దేవుడి గది గుమ్మంలో ఉన్నాను. రివాల్వరు నాకు పది అడుగుల దూరం. ఎందుకు చెబుతున్నానంటే, ఆ క్షణంలో మా ఇంట్లో ఏ ఒక్కరూ అటు చూడలేదు. అమ్మ పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అల్లుడు వస్తే కాళ్ళకి నీళ్ళివ్వాలి. ఆవిడ చెయ్యి ఆవిడ ప్రమేయం లేకుండానే తెచ్చింది. ఆ చెంబు నాయన అందుకున్నాడు. అందుకుని, ఆ పాదాల మీద పోశాడు.

"జరిగిందేదో జరిగిపోయింది బావగారూ" అన్నాడు వియ్యంకుడు. "చిన్నవాడు. కోపం. మేముండాం గదా."

"దసరా దినం. ముహూర్తం చూసే పని లేదు. ఈ దినమే పిల్చుకపోతాం వదినా" అంది వియ్యపురాలు అమ్మతో.

నాయన "అట్లనే" అన్నాడు.

ఆరు నెలలుగా ఆయన కూడబెట్టుకున్న ధైర్యమంతా ఆ ఒక్క మాటతో పోయింది. పంపనండీ అంటే చాలు. దానికి లైసెన్సు అక్కర్లేదు, పల్లావరం వెళ్ళి నేర్చుకోనక్కర్లేదు. నేనన్నాను. "పంపించొద్దు నాయనా!" అని గట్టిగా, అందరూ వినేట్టే అన్నాను. అమ్మ నా జబ్బ పట్టి వంటింట్లోకి లాక్కెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నీ బతుకు కూడా బుగ్గి చేసుకుంటావా? ఊరుకోవే" అని ఏడ్చింది. అక్క అక్కడే ఉంది. నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నాయన లోపలికి వచ్చాడు, సారె సర్దమని చెప్పడానికి. అక్క ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. చిన్నప్పటి నుంచి అది నాయన్ని ఏదీ అడిగి ఎరగదు.

"నాయనా, అది నాకియ్యి. సారెలో చీరల కింద పెట్టి పంపించు."

"ఏది?"

"తుపాకి."

నాయన దాని వంక చూడలేకపోయాడు. దేవుడి గది వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"లైసెన్సు నా పేరున ఉండాది గదమ్మా" అన్నాడు. "నీకిస్తే తప్పు."

అక్క "సరే నాయనా" అంది. అమ్మ దాని ఒడిలో బియ్యం పోసింది. కారెక్కేటప్పుడు కాళ్ళకి కొత్త చెప్పులున్నాయి. నాయనే కొని తెచ్చినవి. కారు మలుపు తిరిగాక ఆయన లోపలికి వచ్చి పునఃపూజకి కూర్చున్నాడు. అన్నిటికీ హారతిచ్చాడు. రివాల్వరు గంధం తడిగుడ్డతో తుడిచి, బీరువాలో పెట్టి, తాళం వేశాడు.

మాఘమాసంలో అక్క పోయిందని కబురొచ్చింది. నీళ్ళు తోడడానికెళ్ళి బావిలో జారి పడిందన్నారు. ఆ ఇంట్లో నీళ్ళు తోడడానికి వేరే మనిషి ఉంది. ఏడాదిన్నర కాపురంలో అక్క ఒక్కరోజు చేద పట్టలేదు. అది నాతో చాలాసార్లు చెప్పింది, అదొక్కటే ఆ ఇంట్లో సుఖమని.

పోలీసు స్టేషనుకి నాయనతో నేనూ వెళ్ళాను. బావ అక్కడ బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఎవరో సోడా తెచ్చి తాగిస్తున్నారు. నాయన ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడి, మొదటిసారి నిజం చెప్పాడు. అల్లుడు చంపుతానన్నాడని, ఆ భయంతోనే తుపాకి కొన్నానని. ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడే. అంతా విని రాసుకున్నాడు. వారం తరవాత మళ్ళీ పిలిపించాడు. బల్ల మీద కమిషనరాఫీసు నుంచి తెప్పించిన దరఖాస్తు ఉంది.

"దొంగల భయం అని ఉందే ఇక్కడ."

నాయన నా వంక చూశాడు.

"మీ వీధిలో కూడా అడిగించాను. ఆ రోజు వచ్చి అరిచింది ఎవడో తాగుబోతు, ఇల్లు తప్పి వచ్చాడని ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఒకే మాట చెప్పారు. మీ ఇంట్లో వాళ్ళే చెప్పారట. దసరాకి మీరే సారె పెట్టి పంపారు. అల్లుడంటే ప్రాణభయం ఉన్నవాళ్ళు ఇలా చేస్తారా? నేనేం రాసుకోను, చెప్పండి." ఆయన కాగితం నా వైపు తిప్పాడు. "ఎవరి దస్తూరీ ఇది?"

"నాది" అన్నాను.

"బాగుంది" అన్నాడాయన, ఊరికే, మాటవరసకి.

కాలు జారి పడిందని మూసేశారు.

ఆ కర్మకాండ పది రోజులూ నాయన ఆ మనిషిని కాలుస్తాడని ఎదురుచూశాను. చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు, కాల్చాలని మొక్కుకున్నాను. రోజూ నశ్యం డబ్బా తీసి చూసేదాన్ని. గుళ్ళు ఎన్ని ఉండాలో అన్నీ ఉండేవి. నేనైనా కాల్చొచ్చు కదా? కుండ పగలగొట్టిన చెయ్యే కదా? దశాహం నాడు బావ నాకు ఎదురుగా మూడు బారల దూరంలో కూర్చున్నాడు. నా చేతిలో విస్తళ్ళ కట్ట ఉంది. వడ్డించాను.

లైసెన్సు ఏటేటా కొత్త చేయించుకోవాలి. ఆ ఏడు గడువు దగ్గరపడ్డప్పుడు నాయన మళ్ళీ వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు. బాగా సన్నబడిపోయాడు. రివాల్వరు ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఇంకెందుకు నాయనా ఇది? తిరిగిచ్చెయ్యరాదూ?"

"ఇచ్చేస్తే ఎందుకిస్తా ఉండారని అడుగుతారు అమ్మీ" అన్నాడు. "ఏం చెప్పేది?"

ఫారం తీసుకున్నాను. పేరు, వయసు, ఉద్యోగం రాశాను. ఆత్మరక్షణకని రాశాను. ఆ కింది గీత దగ్గరికొచ్చి ఆగాను. లోపల చేట గోడకి తగిలించి ఉంది.

"ఎవరి వల్ల ప్రమాదమో రాయాలి నాయనా. ఏం రాయను?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. ఈసారైనా చెబుతాడనుకున్నాను. ఇప్పుడు రాసి ప్రయోజనం లేదని తెలుసు, అయినా చెబుతాడనుకున్నాను.

"మునుపు రాసిందే రాయి" అన్నాడు.

రాశాను.